నిన్నటి బ్రెడ్డు

మా ఇంట్లో బ్రెడ్డంటే జ్వరం.
నాలిక మీద రుచి చచ్చినప్పుడు
పాలల్లో ముంచి, చక్కెర చల్లి
మా నాయన చెంచాతో పెట్టిన తెల్లటి బురద.
బాగున్న మనిషి బ్రెడ్డు కొంటే
కొర్లగుంట బేకరీ అతను ఇప్పటికీ
చిల్లర లెక్కపెడుతూ అడుగుతాడు
"ఎవురికి బాగలేదు?"

ఈ ఆదివారం ఎవురికీ జ్వరం లేదు.
రత్న నైటు డ్యూటీ దిగి ఎనిమిదిన్నరకొచ్చింది.
రుయా వాసనను చెప్పులతో పాటు గడప బయట వదిలి
"పదకొండుకు లేపు" అంది,
"లేపకపోతే ఇంకా మంచిది" అని గోడవైపు తిరిగింది.

పదకొండుకు తినేదానికి మా దగ్గర పేరు లేదు.
టిఫిను వేళ దాటిపోయుంటుంది,
అన్నానికి ఇంకా ఎసరైనా పెట్టుండరు.
ఆ సందులో ఏం పెట్టాలా అనుకుంటే
ఫ్రెంచ్ టోస్ట్ గుర్తొచ్చింది.
నర్సింగు హాస్టల్లో ఎవరి పుట్టినరోజుకో తిన్నానని
రెండేళ్ల కింద ఒకసారి, బట్టలు మడతేస్తూ చెప్పింది.
తర్వాత మళ్లీ ఎత్తలేదు.

చిక్కంతా గుడ్డుతోనే.
బైరాగిపట్టెడలో ఈ మేడ మీద గది చూపించిన రోజే
వకుళమ్మ గారు వేళ్లు మడిచి చెప్పింది:
నీళ్లు దినం మార్చి దినం.
గోడకు మేకులు కొట్టగూడదు.
నీసు వద్దు. గుడ్డు గూడా నీసే నాయనా.
మేం తలూపినాం.
ఆ తలూపుడికే ఐదొందలు తగ్గించింది అద్దె.

అందుకని మా ఇంటికి గుడ్లు
హెల్మెట్లో వస్తాయి, పైన కొత్తిమీర కట్టతో.
పోయేటప్పుడు పెంకులు పేపర్లో చుట్టుకొని
నాతోపాటు బండి మీద
లీలామహల్ దాకా షికారు పోతాయి.

కింద టీవీలో ఏదో ఉత్సవం.
మేళం ఎత్తుకున్నప్పుడు గిలక్కొట్టడం,
మంత్రాలొస్తే ఆపడం.
నాలుగు గుడ్లకు మూడు తాళాలు పట్టింది.
పాలు. చక్కెర డబ్బా అడుగంటింది,
చిత్తూరు బెల్లం తురిమినాను.
వాసన కప్పడానికి ఏలక్కాయలు రెండు,
భయానికి ఇంకో రెండు.

కొత్త బ్రెడ్డుకు ఓర్పు లేదు,
పాలు తగలంగానే చేతిలోనే కూలిపోతుంది.
రాత్రంతా గాలికి నిలబడి ఎండినదైతే
తాగినంత తాగి
తన నాలుగు మూలలూ వదలకుండా లేస్తుంది.

దోసెల పెనం దీన్ని గుర్తుపట్టలా.
మొదటిది మాడింది.
రెండోది అట్లకాడకు లొంగలా.
మూడోది నెయ్యిలో అంచులు బిగిసి
బెల్లం మరకలతో
మాగిన బేనీషా తొక్కలాగా మెరిసింది.

అప్పుడు తలుపు తట్టినారు.

వకుళమ్మ గారు. మెట్లెక్కిన ఆయాసం.
మోకాలి మీద చెయ్యి, చేతిలో కరెంటు బిల్లు.
నేను గుమ్మానికి అడ్డం నిలబడినాను, అట్లకాడతో సహా.
ఆమె నా భుజం మీదుగా చూడనే లేదు.
బిల్లు ఇచ్చింది. తిరిగింది. రెండు మెట్లు దిగింది.
"నాయనా" అంది, గోడతో చెప్పినట్టు,
"గులాబీకి పెంకులు మంచిదంట.
యాడికో మోసే బదులు ఆ మూల కుండీలో వెయ్యి.
పొడి చేసి వెయ్యి.
మా ఆయన కంట్లో పడకుండా."

ఎన్నాళ్లుగా తెలుసో అడగలేదు.
ఆమె దిగుతాంటే ఒక్కో మెట్టూ లెక్కపెట్టినాను.
లోపల నాలుగోది మాడింది.

పదకొండు దాటి ఇరవై నిమిషాలు.
లేపలేదు. మాడినవి రెండూ నేనే, నిలబడే తిన్నాను.
మంచివాటి మీద గిన్నె బోర్లిస్తే
లోపల ఆవిరి చుక్కలు కట్టింది.

పన్నెండు కొట్టినాక వాసనకు తనే లేచింది.
జుట్టు ముడేసుకోకుండా, మంచం మీదే,
ముక్క తుంచి నోట్లో పెట్టుకొని
కళ్లు మూసి చాలాసేపు నమిలింది.
హాస్టలు వరండా ఏదో
ఆ రెప్పల వెనక నడిచిపోతాందని
నేను కొంచెం గర్వపడే లోపల
ఒక కన్ను తెరిచింది:

"బాగుంది.
నిన్నటి ఊరుబిండి ఏమన్నా మిగిలిందా?"